సభలో ఉమ్మేసి, జైల్లో ఉండి గెలిచిన మాథ్యూ లయన్

అమెరికా తొలినాళ్ల చట్టసభల్లో పెద్దగా పేరు వినబడని నాయకుడు ఎవరైనా ఉంటే ఆయన రాజకీయ జీవితం గురించి చెప్పమని ఒకరు అడిగారు. నేనైతే మాథ్యూ లయన్ పేరు చెబుతాను.

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఊరి నుంచి చుట్టాలొస్తే ఫిలడెల్ఫియా తీసుకెళ్లి లిబర్టీ బెల్, ఇండిపెండెన్స్ హాల్ చూపించడం ఇక్కడ మనవాళ్లకు మామూలే. ఆ పక్కనే కాంగ్రెస్ హాల్ అనే ఇటుకల భవనం ఉంది. 1790 నుంచి 1800 దాకా అమెరికా కాంగ్రెస్ అక్కడే నడిచింది. కింద ప్రతినిధుల సభ, పైన సెనేట్. మా మామగారిని తీసుకెళ్లినప్పుడు అక్కడి గైడు లయన్ కొట్లాట కథ చెప్పాడు. మండల పరిషత్తులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి కదా, ఆయన తెగ నవ్వుకున్నారు. "మనవాళ్లు మైకులు విరగ్గొడితే టీవీలో అదేదో వింతలా చూపిస్తారు, వీళ్లు ఎప్పుడో మొదలెట్టారన్నమాట" అన్నారు. ఆ తర్వాత నేను కూర్చుని అప్పటి సభా కార్యకలాపాల రికార్డులు చదివాను. చదివాక, కొట్లాట ఒక్కటే చెప్పి వదిలేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే అనిపించింది.

లయన్ 1749లో ఐర్లండ్‌లో పుట్టాడు. 1764లో, పదిహేనేళ్ల వయసులో, ఓడ ఛార్జీకి డబ్బుల్లేక ఒప్పంద కూలీగా కనెక్టికట్ చేరాడు. ఛార్జీ కట్టిన యజమాని దగ్గర కొన్నేళ్లు ఊరికే చాకిరీ చేయాలన్నమాట. మొదటి యజమాని ఆ ఒప్పందాన్ని ఒక ఎద్దుల జతకు ఇంకొకరికి ఇచ్చేశాడు. పెద్దయ్యాక లయన్ "నన్ను విడిపించిన ఎద్దుల మీద ఒట్టు" అనేవాడట. ఆ తర్వాత వెర్మాంట్ వెళ్లి 1783లో ఫెయిర్ హేవెన్ అనే ఊరికి పునాది వేశాడు. అక్కడ రంపపు మిల్లు, ఇనుప కార్ఖానా, కాగితం మిల్లు పెట్టాడు. ప్రెస్సు పెట్టి పత్రిక కూడా నడిపాడు. రెండో పెళ్లి గవర్నర్ చిటెండెన్ కూతురితో. ఇంత ఎదిగినా, పెద్దింటి ఫెడరలిస్టుల (అధ్యక్షుడు ఆడమ్స్ పార్టీవాళ్ల) కళ్లకు ఆయన ఎద్దులకు అమ్ముడుపోయిన ఐరిష్ కుర్రాడే. చాలాసార్లు ఓడి, చివరికి 1797లో కాంగ్రెస్‌లో అడుగుపెట్టాడు. వచ్చీ రాగానే, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఇంటికి సభ్యులంతా ఊరేగింపుగా వెళ్లి ఆయన ప్రసంగానికి జవాబు పత్రం సమర్పించే తంతు నుంచి తనను మినహాయించమని కోరాడు. అది రాజుగారి దర్బారులా ఉందని ఆయన బాధ.

ఇక గొడవ. 1798 జనవరి 30న, కనెక్టికట్ సభ్యులు సొంత జనం మాటే వినరని, తాను అక్కడికెళ్లి ఆర్నెల్లు పత్రిక నడిపితే అందరినీ తిప్పేస్తానని లయన్ గొప్పలు పోయాడు. అప్పుడు కనెక్టికట్ సభ్యుడు రోజర్ గ్రిస్‌వోల్డ్, "నీ చెక్క కత్తి పట్టుకునే వస్తావా?" అని ఎత్తిపొడిచాడు. 1776లో లయన్ ఉన్న దళం కాపలా స్థావరాన్ని వదిలేసినందుకు అధికారులను సైన్యం నుంచి తీసేశారు. తాను వద్దనే చెప్పానని లయన్ వాదన. తర్వాత మళ్లీ సైన్యంలోకి తీసుకున్నారు కూడా. అయినా పిరికితనానికి గుర్తుగా చెక్క కత్తి తగిలించారన్న పుకారు ఆయన్ను వదల్లేదు. గ్రిస్‌వోల్డ్ మొదటిసారి ఆ మాట అన్నప్పుడు లయన్ విననట్టే ఊరుకున్నాడు. గ్రిస్‌వోల్డ్ దగ్గరికొచ్చి, చెయ్యి తట్టి మరీ మళ్లీ అన్నాడు. లయన్ ఆయన ముఖం మీద ఉమ్మేశాడు.

సభ రెండు వారాలు దీన్నే చర్చించింది. బహిష్కరించాలన్నవాళ్లు 52, వద్దన్నవాళ్లు 44. మూడింట రెండొంతులు కావాలి కాబట్టి లయన్ బతికిపోయాడు. ఫిబ్రవరి 15న గ్రిస్‌వోల్డ్ లావుపాటి చేతికర్రతో వచ్చి, కుర్చీలో కూర్చున్న లయన్‌ను బాదడం మొదలెట్టాడు. లయన్ నిప్పుగూడు దగ్గరున్న పట్టకారు అందుకున్నాడు. సభ్యులు కాళ్లు పట్టి లాగి విడదీయాల్సి వచ్చింది. గైడ్లు, వీడియోలు ఇక్కడితో ఆపేస్తారు. నాకు అసలు కథ దీని తర్వాతే మొదలైందనిపిస్తుంది.

1798 జులై 14న సెడిషన్ (రాజద్రోహ) చట్టం వచ్చింది. అది లయన్ పుట్టినరోజు, కాకతాళీయమే అనుకోండి. ప్రభుత్వాన్ని, కాంగ్రెస్‌ను, అధ్యక్షుణ్ని దురుద్దేశంతో అబద్ధాలు రాసి కించపరిస్తే జైలు, జరిమానా. ఉపాధ్యక్షుడి పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. అప్పుడు ఆ పదవిలో ఉన్నది ప్రతిపక్షానికి, అంటే లయన్ పార్టీకే చెందిన జెఫర్సన్ మరి! ఆడమ్స్‌కు ఆడంబరం, పొగడ్తలు, స్వార్థం మీద మోజు ఎక్కువని లయన్ రాసిన ఉత్తరం ఒక వెర్మాంట్ పత్రికలో వచ్చింది. ఈ చట్టం కింద మొదటి విచారణ ఆయనదే. అక్టోబరులో రట్లండ్‌లో, సుప్రీంకోర్టు జడ్జి విలియం ప్యాటర్సన్ ముందు. లయన్ తన వాదన చాలావరకు తానే వినిపించుకున్నాడు. "మీరు అధ్యక్షుడి ఇంట్లో భోంచేశారు కదా, ఆ ఆడంబరం మీ కంటబడలేదా?" అని ఏకంగా జడ్జినే సాక్షిలా అడిగాడు. చదువుతూ గట్టిగా నవ్వేశాను. శిక్ష నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా, పైన 60 డాలర్ల 96 సెంట్ల ఖర్చులు.

వెర్జెన్స్ జైల్లో ఉండగానే ఎన్నికలొచ్చాయి. జైలు గది నుంచి ఉత్తరాలు రాస్తూనే డిసెంబరులో భారీ తేడాతో గెలిచాడు. క్షమాభిక్ష కోరుతూ జనం వేల సంతకాలతో అర్జీ పంపారు. అందులో లయన్ సంతకం లేదు. ముందు పశ్చాత్తాపం కావాలన్నాడు ఆడమ్స్. మనవైపు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని 1908లో 'స్వరాజ్య' పత్రిక రాతలకు రాజద్రోహం కింద జైల్లో పెట్టడం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడ పరాయి పాలన. ఇక్కడ స్వాతంత్ర్యం తెచ్చుకున్నవాళ్లే, రాజ్యాంగానికి వాక్ స్వేచ్ఛ సవరణ చేర్చిన ఏడేళ్లకే ఈ పని చేశారు. 1799 ఫిబ్రవరిలో బయటికొచ్చి నేరుగా సభకు వెళ్తే, దోషి అంటూ మళ్లీ బహిష్కరించబోయారు. 49 మంది అవునన్నారు, 45 మంది కాదన్నారు. మళ్లీ మూడింట రెండొంతులు చాలలేదు.

నెట్‌లో చాలాచోట్ల "జెఫర్సన్‌ను అధ్యక్షుణ్ని చేసిన ఓటు లయన్‌దే" అని కనిపిస్తుంది. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకోను. 1801లో జెఫర్సన్‌కు, ఆరన్ బర్‌కు సమానంగా ఓట్లొచ్చి, నిర్ణయం ప్రతినిధుల సభకు వచ్చింది. రాష్ట్రానికి ఒక ఓటు, 16లో 9 కావాలి. వెర్మాంట్ నుంచి ఇద్దరే సభ్యులు: లయన్ జెఫర్సన్ వైపు, లూయిస్ మోరిస్ బర్ వైపు. కాబట్టి 35 విడతల దాకా ఆ రాష్ట్రం ఓటు చెల్లలేదు. 36వ విడతలో మోరిస్ పక్కకు తప్పుకోవడంతో వెర్మాంట్ జెఫర్సన్‌కు దక్కింది. అదే విడతలో మేరీలండ్ కూడా ఆయన వైపు వచ్చింది, మొత్తం పది రాష్ట్రాలయ్యాయి. లయన్ మొదటినుంచీ అదే ఓటు వేస్తూ వచ్చాడు. మారింది అవతలివాళ్లు. అయినా జైల్లో ఉండగా ఆ జనం గెలిపించి ఉండకపోతే సభలో లయన్ స్థానంలో ఇంకెవరుండేవారో అన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

ఆ తర్వాత కెంటకీకి మకాం మార్చి, 1803 నుంచి 1811 దాకా అక్కడి నుంచి కాంగ్రెస్‌లో ఉన్నాడు. జెఫర్సన్ విదేశీ వ్యాపారంపై నిషేధం పెట్టినప్పుడు సొంత పార్టీనే ఎదిరించాడు. బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధానికి పడవలు కట్టించి దివాలా తీశాడు. 1820లో అర్కాన్సాలో చెరోకీ అనే స్థానిక తెగవాళ్లతో జరిగే ప్రభుత్వ వ్యాపారం చూసే ఉద్యోగం ఇచ్చారు. డెబ్బై దాటాక అక్కడా కాంగ్రెస్‌కు పోటీ చేశాడు. గెలిచి, పదవి చేపట్టకముందే పోయాడని కొందరు రాస్తారు, అది తప్పు. ఓడిపోయి, ఫలితాన్ని సవాలు చేశాడు. 1822 ఆగస్టు 1న స్పాడ్రా బ్లఫ్‌లో చనిపోయాడు.

1840లో కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి, ఆ 1,060 డాలర్ల 96 సెంట్లు వడ్డీతో సహా ఆయన వారసులకు తిరిగిచ్చింది. 1964లో పత్రికా స్వేచ్ఛకు సంబంధించిన న్యూయార్క్ టైమ్స్ వర్సెస్ సలివన్ కేసులో, సెడిషన్ చట్టం రాజ్యాంగ విరుద్ధమని చరిత్రే తేల్చిందని చెబుతూ సుప్రీంకోర్టు ఇలా జరిమానాలు తిరిగివ్వడాన్నీ ప్రస్తావించింది. లా చదివే పిల్లలు ఆ తీర్పు ఎలాగూ చదువుతారు, కాస్త ఓపిక చేసుకుని వెనక్కి వెళ్లి 1798 ఫిబ్రవరి చర్చలు కూడా చూడండి. ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.