బండి బాగోగులు: రాళ్లబాటలో టైరు పక్కలు చిరక్కుండా ఉండాలంటే

ప్రశ్న: థార్ 4×4 వాడుతున్నాను. టైరు సైజు 245/75 ఆర్16. జీడితోటల పని మీద వారానికి రెండుసార్లు కొండ వారగా రాళ్లబాటన వెళ్లి రావాలి. ఏడాదిలో రెండు టైర్లు పక్కన కోసుకుపోయాయి. గ్రిప్పు సగం కూడా అరగలేదు. పెద్ద బటన్లున్న మడ్ టెరెయిన్ టైర్లు వేయించమని షాపులో చెబుతున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, మందస

జవాబు: ఆ టైర్లు బురదలో పనికొస్తాయి. మీ బాధ బురద కాదు కదా. బటన్లు ఉండేది నేలను తాకే చోట, మీకు కోత పడుతున్నది పక్కన. గ్రిప్పు కింద స్టీలు బెల్టులు ఉంటాయి కాబట్టి అక్కడ రాయి గుచ్చుకున్నా చాలాసార్లు తట్టుకుంటుంది. పక్కగోడలో ఆ స్టీలు లేదు. పాలియెస్టర్ దారపు పొరలు ఒకటో రెండో, వాటి మీద కొన్ని మిల్లీమీటర్ల రబ్బరు. బండి బరువుకి అది వంగుతూ లేస్తూ ఉండాలి గనుక పల్చగానే కడతారు. కొన్ని మడ్ టెరెయిన్లకు బటన్లు భుజం (గ్రిప్పు, పక్కగోడ కలిసే అంచు) దాటి పక్కకు దిగి ఉంటాయి. పైభాగానికి అవి కొంత కాపు కాస్తాయి, నడిమి గోడకు కాదు.

కొనేముందు టైరు పక్కన అచ్చు వేసిన చిన్న అక్షరాలు చదవండి. చాలా టైర్ల మీద ‘ట్రెడ్ ప్లైస్’ (గ్రిప్పు కింది పొరలు), ‘సైడ్‌వాల్ ప్లైస్’ (పక్కగోడ పొరలు) అని రెండు వరుసలు ఉంటాయి. మొదటి వరుసలో స్టీలు, నైలాన్ అన్నీ కలిపి నాలుగో అయిదో పొరలు కనిపిస్తాయి. షాపులో వేలు పెట్టి చూపించేది దాన్నే. మీకు కావలసింది రెండోది. అందులో 2 అని ఉంటే మామూలు టైరు, 3 అని ఉంటే రాళ్లకు తగినది. ‘10 ప్లై’ టైరు అంటే పది పొరలుంటాయని మురిసిపోకండి. నూలు దారంతో టైర్లు కట్టిన రోజుల నుంచి మిగిలిన బరువు లెక్క అది. లోడ్ రేంజ్ సి అంటే 6 ప్లై రేటింగ్, డి అంటే 8, ఇ అంటే 10. పక్కగోడలో నిజంగా ఉండే పొరలు రెండో మూడో మాత్రమే. అయినా సైజు ముందు ‘ఎల్‌టీ’ (లైట్ ట్రక్, అంటే చిన్న సరుకు బండ్ల టైరు) అని ఉండి లోడ్ రేంజ్ డి గానీ ఇ గానీ ఉన్న టైరుకు దారాలు గట్టివి, రబ్బరు మందం ఎక్కువ. ఒకే పేరున్న టైరులో కూడా సైజు మారితే పొరలు మారవచ్చు. అందుకే ప్రకటన చూసి కాదు, చేతిలో ఉన్న టైరు చదివి డబ్బు ఇవ్వండి.

ఎల్‌టీ టైరుతో ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్కోటి నాలుగైదు కిలోలు ఎక్కువ తూగవచ్చు. స్టీరింగు బరువెక్కుతుంది, తారు మీద కుదుపు తెలుస్తుంది, మైలేజీ తగ్గుతుంది. పైగా ఒకే గాలితో మామూలు టైరు మోసినంత బరువు అది మోయదు. కాబట్టి తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకె దీనికి చాలదు, కొన్ని పీఎస్ఐ పెంచాలి. ఎంతన్నది ఆ టైరు కంపెనీ లోడ్ పట్టికలో ఉంటుంది. పక్కన రాసిన గరిష్ఠ గాలి మాత్రం నింపకండి. నింపితే టైరు బల్లలా బిగిసిపోయి నడిమధ్య గ్రిప్పే అరుగుతుంది. అనుమానముంటే గ్రిప్పు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు సుద్దముక్కతో గీత గీసి, తిన్నని రోడ్డు మీద కొద్ది దూరం నడపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ.

ఇక కోతకు అసలు కారణం చాలాసార్లు గాలే. తారు రోడ్డు గాలితో రాళ్లబాట ఎక్కితే టైరు రాయిని పట్టుకోక జారుతుంది, ఆ జారుడులో మొన పక్కను గీరేస్తుంది. మరీ తీసేస్తే పక్కగోడ గ్రిప్పు కంటే బయటికి పొంగి తానే రాయికి ఎదురెళుతుంది. మామూలు రిమ్ముల మీద 20 నుంచి 22 పీఎస్ఐ, గంటకు 20 కిలోమీటర్లు దాటని వేగం చాలు. 15 కిందికి దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. తిరిగి తారెక్కేముందు గాలి నింపాల్సిందే. తక్కువ గాలితో 80 మీద పరుగెత్తిస్తే పక్కగోడ లోపల వేడెక్కి, పైకి ఏమీ కనిపించకుండానే దారాలు విడిపోతాయి. 12 వోల్టుల గాలిపంపు, నమ్మకమైన గేజి బండిలో లేకపోతే మూడు పొరల టైరు కొన్నా సగం ప్రయోజనమే.

నడిపేటప్పుడు రాయిని తప్పించబోయి టైరు పక్కను దానికి రాసుకుంటూ పోనివ్వకండి. బండి కింద తగలదు అనుకుంటే నెమ్మదిగా రాయి నెత్తి మీదికే ఎక్కించండి. రాళ్ల సందులో ఇరుక్కుని ఉండగా స్టీరింగు తిప్పడం అన్నిటికంటే చేటు.

ప్రశ్న: జిమ్నీకి 215/75 ఆర్15 వేయవచ్చా? తాటిపూడి వైపు మట్టి, రాళ్ల దారుల్లో తిరుగుతుంటాం.
– ఒక పాఠకురాలు, గంట్యాడ

జవాబు: వేయవచ్చండీ. కంపెనీ టైరు 195/80 ఆర్15 ఎత్తు 693 మిల్లీమీటర్లు, మీరడిగినది సుమారు 704. తేడా ఒకటిన్నర శాతం. స్పీడోమీటరు 80 చూపినప్పుడు బండి 81 మీద ఉంటుంది. ఇంకో లాభం, ఇది బొలేరో సైజు. చిన్న ఊళ్లో కూడా దొరికే అవకాశం ఎక్కువ. అయితే బొలేరో కోసం దొరికేవన్నీ రాళ్లకు పనికిరావు, పైన చెప్పినట్టు పక్క పొరలు చూడండి. 235/75 మాత్రం వద్దు. జిమ్నీ అయిదున్నర అంగుళాల రిమ్ముకు అది వెడల్పు ఎక్కువ, ఎత్తు దాదాపు ఆరు శాతం పెరుగుతుంది. ఏ సైజు వేసినా లోడ్ ఇండెక్స్ పాతదానికంటే తగ్గకూడదు (96 అంటే ఒక టైరుకు 710 కిలోలు). నాలుగూ ఒకేసారి మార్చండి, స్టెప్నీ కూడా అదే సైజు ఉంచండి.

ప్రశ్న: గ్రానైట్ క్వారీలో పికప్ తిరుగుతుంది. టైరు పక్కన వేలెడు కోత పడింది. పంక్చర్ షాపాయన లోపల ప్యాచ్ వేసి ఇస్తానన్నాడు. గాలి దిగడం లేదు కూడా. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: వద్దు. ప్యాచ్ గాలిని ఆపుతుంది, తెగిన దారాన్ని అతకదు. చక్రం తిరిగిన ప్రతిసారీ వంగే చోట వేసిన ప్యాచ్ అంచుల్లో లేస్తుంది, బరువు మీదున్నప్పుడు ఒక్కసారిగా పగులుతుంది. ప్లగ్గు, ప్యాచ్ గ్రిప్పు నడిమి భాగానికే. కోతను బొటనవేలితో విడదీసి చూడండి. లోపల దారం కనిపించినా, గాలి ఉన్నప్పుడు అక్కడ ఉబ్బు తేలినా ఆ టైరు పని అయిపోయింది. రబ్బరు మాత్రమే గీరుకుని ఉంటే వాడండి, వారానికోసారి అదే చోట చూస్తూ ఉండండి.

అప్పుడే పగిలిన గ్రానైటు అంచు, గెడ్డలో నీళ్లకు అరిగిన గుండ్రాయి ఒకటి కావు. గెడ్డ దాటే బండికి రెండు పొరలు సరిపోవచ్చు, క్వారీ బండికి ఎల్‌టీ టైరు తప్పదు. సెకండ్ హ్యాండ్ టైరు తెస్తుంటే పక్కనున్న నాలుగంకెల తేదీ చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. గ్రిప్పు ఎంతున్నా పక్కన సన్నని పగుళ్లు కనిపిస్తే తీసుకోవద్దు.

ప్రశ్న: హిమాలయన్ 411 బైకుకి రాళ్ల మీద ట్యూబు పదేపదే పోతోంది. విప్పితే పక్కపక్కనే రెండు చిల్లులు. మేకు దొరకదు.
– ఒక పాఠకుడు, పాతపట్నం

జవాబు: రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగినప్పుడు పడే గుర్తు అది, పాము కాటులా జంటగా ఉంటుంది. టైరు గట్టిదైనా గాలి తక్కువైతే తప్పదు. కంపెనీ చెప్పిన గాలిలో నాలుగు పీఎస్ఐ మించి తగ్గించకండి, సామాను ఉంటే అదీ వద్దు. రిమ్ము అంచు సొట్టపోయిందేమో చూడండి, సొట్ట పదును కొత్త ట్యూబునూ కొరుకుతుంది. వాల్వు నట్టును రిమ్ముకు బిగించకుండా మూత దగ్గరికి ఎక్కించి ఉంచండి. గాలి తక్కువై టైరు రిమ్ము మీద జరిగితే వాల్వు పక్కకు ఒరుగుతుంది. అలా ఒరిగి కనిపిస్తే, వాల్వు గొట్టం తెగకముందే గాలి తీసేసి టైరు సర్ది మళ్లీ నింపండి.