దస్తూరి బాగున్నంత మాత్రాన

చిరంజీవి మేనల్లుడికి కందుకూరు నుంచి మేనత్త ఆశీర్వదించి రాయునది.

కట్టెల మంటతో పొగాకు ఆరబెట్టే మన బ్యారన్ కొట్టం లైసెన్సు గురించి మీ నాన్నకూ బాబాయికీ ముదిరిన తగవును కృత్రిమ మేధ సాయంతో తీర్చబోతున్నావనీ, ఇద్దరి వాట్సాప్ మాటలూ దానికి ఎక్కించి రాజీ కాగితం రాయిస్తావనీ మీ అమ్మ చెప్పింది. నా తోడబుట్టినవాళ్లిద్దరినీ కలపాలన్న బుద్ధి నీకు పుట్టినందుకు పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఇద్దరినీ అడగకుండా వారి మాటలు ఎక్కించకు. పేర్లూ సర్వే నంబర్లూ తీసేయి. మధ్యవర్తి ముందు పలికిన మాట గోప్యంగా ఉండాలని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం చెబుతోంది. నీ ఫోనుకు ఆ కట్టుబాటు ఉందనుకోకు.

యంత్రం పనికిరాదని నేననను. 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన గూగుల్ డీప్‌మైండ్ పరిశోధనలో, బ్రిటన్ ప్రజలు చిన్న గుంపులుగా చేరి ప్రభుత్వ విధానాలపై తమ అభిప్రాయాలు రాసిస్తే, వాటిని కలిపి యంత్రం కూర్చిన ఉమ్మడి ప్రకటనలే మనుషులైన మధ్యవర్తులు రాసినవాటికన్నా ఎక్కువమందికి నచ్చాయి. అయితే అక్కడ అందరి మాటా దానికి అందింది. నువ్వొక్కడివే కూర్చుని చెబితే నీ కథే దానికి లోకం. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీలో తెచ్చిన ఒక మార్పు, అడిగినవారికి మరీ వంత పాడుతోందని, తయారుచేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. నువ్వు మీ నాన్న కొడుకువన్న సంగతి మరిచిపోకు.

నా అసలు భయం వేరు. 1991లో మీ బాబాయి, అన్నకు చెప్పకుండా, ఇంట్లోని ఒంగోలు ఎద్దుల జతను అమ్మేశాడు. నా దస్తూరి బాగుంటుందని ఊళ్లో ఉత్తరాలన్నీ నాచేత రాయించుకునే రోజులవి. వాడి క్షమాపణ కూడా నేనే రాశాను. ‘పరిస్థితుల ఒత్తిడి వల్ల జరిగిన పొరపాటును పెద్దమనసుతో మన్నించగలవు’ అని, చదివినవారికి కన్నీళ్లొచ్చేలా రాశాను. మీ నాన్న రెండుసార్లు చదివి, మడిచి, నా చేతికే ఇచ్చి, ‘ఎద్దుల్ని ఎవరు అమ్మారో ఇందులో లేదే’ అన్నాడు. నిజమే. ‘అమ్మాను’ అన్న ఒక్క మాటను నా తెలుగు మింగేసింది. ఆ తరువాత నాలుగేళ్లు వాళ్లకు మాటల్లేవు. మా అమ్మ పోయేటప్పుడు మంచానికి చెరో పక్కన నిలబడ్డారే గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి ఆమె సంవత్సరీకం నాడు మీ బాబాయి పెరట్లో నిలబడి, ‘నేనే అమ్మాను, పేకాట బాకీకి అమ్మాను’ అని గొణిగాడు. మీ నాన్న నోటికొచ్చినట్టు తిట్టి, తన పక్కనే విస్తరి వేయించాడు. (ఈ సంగతి నీకు తెలిసినట్టు వాడి దగ్గర కనబడకు.)

యంత్రం నాకన్నా చక్కగా రాస్తుంది కనుకనే చెబుతున్నాను, వాళ్ల నోట రావలసిన మాటను దానిచేత రాయించకు. కట్టెల ఖర్చులూ కూలీ లెక్కలూ సర్దమను. ఎవరిని ఏమేమి అడగాలో ప్రశ్నలు రాసిమ్మను. మీ బాబాయి పక్షాన నిలిచి నీతో వాదించమను. అది చెప్పిన తీర్పును మీ నాన్న మొహాన చదివి వినిపించావంటే, వెధవా, ఈ గడప తొక్కనివ్వను.

సంక్రాంతి దాటాక రా. బ్యారన్ మండుతున్నన్నాళ్లూ మీ నాన్న రాత్రంతా అక్కడే మేలుకొని ఉంటాడు. పక్కన కూర్చుని, బాబాయి అన్న ఏ మాటకు తన మనసు విరిగిందో అదొక్కటే అడుగు. దుప్పటి తెచ్చుకో, తెల్లవారుజామున మంచు కురుస్తుంది. వెళ్లేముందు ఆ ఫోను నా దగ్గర పెట్టి వెళ్లు.