పసరా, కషాయమా, సారమా?

సందేహం: దేవరకొండ దిక్కు పశువుల దవాఖానల పనిచేస్త. పాడి రైతులకు ఒక కరపత్రం రాస్తున్న. ఎద్దు వీర్యం నిల్వ పెట్టే ద్రవంల, ల్యాబ్‌ల అండాలు పెంచేటప్పుడు, యాంటీబయాటిక్‌కు బదులు మొక్కల ఎక్స్‌ట్రాక్ట్ వాడే పరిశోధనల గురించి. ఎక్స్‌ట్రాక్ట్‌ను కషాయం అనాల్నా, పసరు అనాల్నా? సెల్ కల్చర్‌ను కణ సంస్కృతి అంటే నడుస్తదా?

సమాధానం: కణ సంస్కృతి అస్సలు వద్దండి, సంస్కృతి అంటే మనకు పండుగలు, ఆచారాలే యాదికొస్తయి. పుస్తకాలల్ల కణ వర్ధనం అని ఉంటది, అదే సరైంది, కరపత్రంల మాత్రం ల్యాబ్‌ల గిన్నెలల్ల కణాలు పెంచుడు అని రాయండి, చదివినోళ్లకు వెంటనే తెలుస్తది.

ఇగ అసలు ప్రశ్న. పసరు అంటే పచ్చాకు నూరి పిండితే వచ్చేది, మన నల్లగొండ, పాలమూరు ఊర్లల్ల పసరు కట్టు, పసరు మందు తెల్వనోళ్లు లేరు. కషాయం అంటే ఆయుర్వేద శాస్త్రంల స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని ఐదు రకాలున్నా, జనం నోట్ల మాత్రం నీళ్లల్ల మరగబెట్టిందే కషాయం. మీరు చెప్పే ఎక్స్‌ట్రాక్ట్ ఈ రెండూ కాదు గదా, ఆకు ఆరబెట్టి పొడి చేసి నీళ్లల్లనో ఆల్కహాల్లనో నానబెట్టి వడగట్టి, ఎక్కువసార్లు ఆ తడి ఆవిరి చేసినంక మిగిలేది, దాన్ని మళ్ల కొలిచి చుక్కలెక్కన కలుపుతరు. దానికి సారం అన్న మాటే సరిపోతది. మొక్కల సారం అనండి.

నేనింత పట్టుబట్టి చెప్పేది ఎందుకంటే మాట తప్పితే పశువుకు నష్టం. పసరు అని రాస్తే అది ఇంట్ల చేసుకునేదే అనుకుంటరు రైతులు. వేపనే చూడండి, బ్యాక్టీరియాను ఆపే గుణం దానికుంది, వీర్యకణాలను చంపే గుణం కూడా ఉంది, అందుకే గర్భనిరోధకంగ కూడా దాని మీద పరిశోధనలు జరిగినయి. ఏ మొక్క, ఎంత మోతాదు అన్నది తేల్చుడే ల్యాబోళ్ల పని. ఆంబోతు ఎంత ఆరోగ్యంగున్నా వీర్యం తీసేటప్పుడు చర్మం మీది క్రిములు అందులకొస్తయి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిల పెట్టినా అన్నీ చావవు, అందుకే పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటివి కలుపుడు ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి వేరే దారి ఎతుకుతున్నరు. మందుకు లొంగని అన్న మాట ఊర్లల్ల అందరిదే, నిరోధకత కంటే అదే రాయండి.

ప్రత్యామ్నాయం కంటే మీరన్న బదులు మంచిగుంది. కాకపోతే క్రియ చూసుకోవాలె. "బదులు వాడుతరు" అంటే అయిపోయిన పని, "బదులు పనికొస్తయా అని చూస్తున్నరు" అంటే ఇంకా తేలని పని. మీ కరపత్రానికి రెండోదే నిజం. ఊర్లల్ల పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర తెచ్చే వీర్యం సూదిల ఏముందో రైతుకు అనుమానం పుట్టొద్దు.

ఇంకొకటి, మీరడగలేదు గని ఎద్దు వీర్యం అని రాసిండ్రు. మన దగ్గర ఎద్దంటే నాగలికి కట్టేది, చానవరకు విత్తులు కొట్టిందే ఉంటది. ఆవుకైతే ఆంబోతు, బర్రెకైతే దున్నపోతు అని మార్చండి.