కన్నీళ్లు రాకపోయినా అది మారుమనస్సే

బ్రదర్, క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం సగమైనా ప్రార్థనలో కన్నీళ్లు రావడం లేదు, అన్నయ్యతో మాటల్లేవు, నాది నిజమైన పశ్చాత్తాపమేనా అని అడిగారు.

లూకా సువార్త 3వ అధ్యాయం తీయండి. మారుమనస్సు పొందండని బోధించిన బాప్తిస్మమిచ్చే యోహానును "మేమేం చేయాలి?" అని జనం అడిగితే, ఆయన వాళ్లను ఏడవమనలేదు. రెండు అంగీలుంటే ఒకటి లేనివాడికి ఇమ్మన్నాడు. పన్నులు వసూలు చేసే సుంకరులను ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు, సైనికులను జీతంతో తృప్తిపడమన్నాడు. ఎవరి తప్పు ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

మీ విషయంలో ఆ చోటు మీ అన్నయ్యే అనిపిస్తోంది. క్రిస్మస్ దాకా ఆగకండి, ఈ రాత్రే ఫోన్ చేయండి. "తప్పు నాదే" అనే మాట గొంతులోనే ఆగిపోతుంది, నాకు తెలుసు. మా అక్కకు చేసినప్పుడు మూడుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. నాలుగోసారి ఆవిడే ఎత్తి, "ఏరా, తిన్నావా?" అంది. కన్నీళ్లు అప్పుడొచ్చాయి.