ఫ్రెంచ్ లీవ్ పెట్టిన రొయ్యల రైతు

మూలాపేట, నెల్లూరు

చిరంజీవికి,

నీ కథ అందింది. నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయిన రొయ్యల గుంట గట్టున రైతు పెళ్లాం లాంతరు పట్టుకుని నిలబడ్డ చోటు బాగుంది. నాలుగో పేజీకొచ్చేసరికి కళ్లద్దాలు తీసి కింద పెట్టేశాను.

ఇస్కపల్లిలో గుంటలకు తెల్లమచ్చ రోగం తగిలింది. మేత కొట్టువాళ్ల బాకీ నెత్తిన పడింది. మనిషి రాత్రికి రాత్రే ఊరొదిలాడు. దానికి నువ్వేం రాశావు? ‘ఫ్రెంచ్ లీవ్ పెట్టాడు’ అని! పెళ్లాం చేత ‘నన్ను ఘోస్ట్ చేశాడక్కా’ అని కూడా అనిపించావు. తెల్లమచ్చ మన గుంటల్ని ఊడ్చేసింది 1994-95లో. ఘోస్టింగ్ అనే మాట మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువుకెక్కింది 2017లో. ఫోన్ ఎత్తకుండా, మెసేజీకి బదులివ్వకుండా మాయమయ్యేవాడి కోసం పుట్టిన మాట అది. ఆమె ఇంట్లో ఫోనెక్కడిది?

ఫ్రెంచ్ లీవ్ సంగతీ విను. చెప్పకుండా పోవడం ఫ్రెంచివాళ్ల బుద్ధి అని ఇంగ్లీషువాళ్లు అంటారు. ఫ్రెంచివాళ్లేమో అదే పనిని ఇంగ్లీషువాళ్ల తరహాలో జారుకోవడం అంటారు. అది వాళ్లూ వాళ్లూ పడే గొడవ. మధ్యలో మన రొయ్యల రైతుకేం పని?

మనవాడు ఎవరికి మొహం చూపలేక పోయాడో క్రియలోనే తెలియాలి. బడికైతే డుమ్మా కొడతాడు. బాకీ ఎగ్గొడతాడు. చుట్టాలకు మొహం చాటేస్తాడు. చీటీలు కట్టించుకున్నవాడైతే బిచాణా ఎత్తేస్తాడు. నీవాడు వీళ్లలో ఎవడు? మోసగాడా, సిగ్గుతో చచ్చినవాడా? అది తేల్చుకోలేక నువ్వే ఇంగ్లీషు మాట చాటున నక్కావు. అప్పులవాడు కనపడకపోతే మా వీధిలో ఇప్పటికీ ‘అజ్ఞాతవాసంలో ఉండాడు’ అంటారు. విరాటపర్వం నుంచి భారతం అందుకున్న తిక్కన ఊరు మరి.

ఇంగ్లీషు మీద నాకు కక్షేం లేదు. కాలేజీ కుర్రాడు ‘బంక్ కొట్టా’ అంటే అననీ. సంస్కృతం తక్కువ తిన్నదా? 1978లో నా తొలి కథలో ‘చల్లగా జారుకున్నాడు’ అని రాస్తే, మద్రాసులో ఒక వారపత్రిక ఎడిటరు దాన్ని ‘నిష్క్రమించెను’ అని దిద్ది అచ్చేశాడు. అడుగుదామని బస్సెక్కి పోయా. మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. చివరికి అటెండరొచ్చి, ‘అయ్యగారు వెనక మెట్లమీంచి జారుకున్నారు సార్, మీరూ పోండి’ అన్నాడు. ఆ ఆఫీసులో తెలుగొచ్చినవాడు అతనొక్కడే.

పేరు మార్చాలా, పోటీకి పంపాలా అనడిగావు. అవి తర్వాత. ఆ రాత్రి అతను చెప్పులు తొడుక్కుని పోయాడా, చేతబట్టుకుని పోయాడా, ముందు అది రాసి పంపు.