ప్లస్ టూ మళ్ళీ రాయాలా, నీట్ మళ్ళీ రాయాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. పదో తరగతి వరకు ఒడియాలో, ప్లస్ టూ సైన్సు ఇంగ్లీషులో చదివాను. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 64 శాతం వచ్చింది. నీట్‌లో 375 మార్కులు వచ్చాయి. నాకు ఎంబీబీఎస్ చదవాలని ఉంది. విశాఖలో ఉన్న మేనమామ, ముందు ప్లస్ టూ మళ్ళీ రాసి మార్కులు పెంచుకోమని, తమ ఇంట్లోనే ఉండి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరమని అంటున్నారు. ఆ ఇంట్లో పెళ్ళీడు బావ ఉన్నాడని అమ్మ ఒప్పుకోవడం లేదు. నాన్నది చిన్న టిఫిన్ హోటలు, అప్పు చేసైనా చదివిస్తానంటున్నారు. తమ్ముడు వచ్చే ఏడు ప్లస్ టూలో చేరాలి. వారం రోజులుగా నాకు నిద్ర లేదు, అన్నం సహించడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా నీ చివరి మాట గురించి చెబుతాను. నిద్ర, తిండి రెండూ వారం పాటు తప్పాయంటే అది పరీక్ష కంటే ముందు చూసుకోవలసిన విషయం. ఈ సంగతి ఈ రోజే మీ అమ్మకు చెప్పు. ఇంట్లో చెప్పలేనిది ఏదైనా మనసులో ఉంటే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇక ప్లస్ టూ సంగతి. అది మళ్ళీ రాయవలసిన అవసరం నీకు లేదు. ఎంబీబీఎస్‌లో చేరడానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వారికి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వారికి 40 శాతం ఉంటే చాలు. ఆ గడప దాటాక సీటు వచ్చేది నీట్ ర్యాంకును బట్టే. నీ 64 శాతాన్ని 90 చేసుకున్నా ర్యాంకు ఒక్క అంకె కూడా కదలదు. ఆంధ్రలో ఎంసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ ఉండేది, మీ మామయ్య మనసులో ఉన్నది బహుశా ఆ లెక్కే కావచ్చు. ఆయన నీ మేలు కోరే చెప్పారు, కానీ ఆ లెక్క నీట్‌కు వర్తించదు.

సరిహద్దులో ఉన్నవాళ్ళం కనుక మరొక మాట కూడా చెప్పాలి. విశాఖలో ఒక ఏడాది ఉన్నంత మాత్రాన ఆంధ్రలో నీకు స్థానికత రాదు, దానికి అక్కడ వరుసగా నాలుగేళ్ళ చదువు వంటివి చూస్తారు. నీ బలం ఒడిశా కోటా. ఇక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 85 శాతం సీట్లు ఆ కోటాలోనివే, బ్రహ్మపురంలో ఎం.కె.సి.జి., కొరాపుట్‌లో ఎస్.ఎల్.ఎన్. కళాశాలలు మీకు అందుబాటులోనే ఉన్నాయి. కోచింగ్ ఎక్కడ తీసుకున్నా తహసీల్దారు కార్యాలయం ఇచ్చే నివాస ధ్రువపత్రాన్ని మాత్రం సిద్ధంగా ఉంచుకో.

నీట్ మళ్ళీ రాయాలా అన్నది అసలు ప్రశ్న. నువ్వు పంపిన సబ్జెక్టువారీ మార్కులను, జవాబుల లెక్కను ముందు పెట్టుకుని కూర్చున్నాను. బయాలజీలో 70 ఒప్పులు, 12 తప్పులు, మార్కులు 268. కెమిస్ట్రీలో 24 ఒప్పులు, 20 తప్పులు, మార్కులు 76. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నల్లో 34 రాశావు, వాటిలో 13 ఒప్పులు, 21 తప్పులు, చేతికి వచ్చినవి 31 మార్కులు. ఒప్పుకు నాలుగు ఇచ్చి తప్పుకు ఒకటి కోస్తారు కనుక మూడు సబ్జెక్టుల్లో కలిపి 53 మార్కులు తప్పుల వల్లనే పోయాయి. బయాలజీలో ఇంత నిలకడగా రాసిన పిల్ల చదువులో వెనుకబడింది అని నేను అనలేను. ఫిజిక్స్‌లో ప్రశ్న చదివి అర్థం చేసుకునేసరికే సమయం అయిపోయిందని రాశావు, అందుకే చివర్లో ఊహించి గుర్తులు పెట్టావు. పదేళ్ళు ఒడియాలో లెక్కలు, సైన్సు నేర్చుకుని, ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారిన పిల్లలకు ఇది తరచుగా జరిగేదే. ఒడిశాలోని పరీక్షా కేంద్రాల్లో ఒడియా ఎంచుకుంటే ఇంగ్లీషు, ఒడియా రెండూ ఉన్న ప్రశ్నపత్రం ఇస్తారు. తెలుగు పత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే దొరుకుతుంది. ఈసారి దరఖాస్తు నింపేటప్పుడు ఈ సంగతి మరచిపోవద్దు.

కోచింగ్ ఫీజు కట్టే ముందు మూడు వారాలు ఆగమని మీ నాన్నగారితో చెప్పు. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఫిజిక్స్ నుంచి సరళరేఖపై చలనం, గమన నియమాలు, పని-శక్తి అనే మూడు పాఠాలు తీసుకుని, హోటలు హడావుడి నీ చెవిన పడని వేళ చూసుకుని, రోజూ రెండు గంటలు ఎవరి సాయమూ లేకుండా లెక్కలు చెయ్యి. మూడో ఆదివారం, ఆ పాఠాల నుంచి గత ఏళ్ళలో వచ్చిన ప్రశ్నలు 45 ఏరి, గడియారం పెట్టుకుని గంటలో రాయి. తెలియనిది ఖాళీగా వదిలెయ్యి. 30 వరకు ఒప్పయితే ఈ ఏడాది పెట్టుబడి పెట్టదగినదే, నేను నీ పక్షాన మీ వాళ్ళతో మాట్లాడతాను. పదిహేను దగ్గరే ఆగిపోతే ఏ ఊరి కోచింగూ ఒక్క ఏడాదిలో నీకు ఆ దూరం దాటించగలదని నేను నమ్మను, అప్పు మాత్రం మీ నాన్నగారి మీద మిగులుతుంది. అప్పుడు నీ 375తోనే ఆయుష్ కౌన్సెలింగ్‌కు వెళ్ళు. బ్రహ్మపురం దగ్గర అంకుశపురంలో ఆయుర్వేద కళాశాల ఉంది, దాని ప్రవేశం కూడా నీట్‌తోనే. ఫలితం ఎటైనా, ఈలోగా ఒడిశా డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక సామ్స్‌లో మీ ఊరి కళాశాల బీఎస్సీకి దరఖాస్తు పెట్టి ఉంచు. ఉన్న తలుపు మూసుకుని కొత్తది తట్టడం నాకు ఇష్టం లేదు.

మామయ్య ఇంటి విషయంలో మీ అమ్మ భయాన్ని చాదస్తం అనుకోకు. మేనకోడలు ఏడాది పాటు మేనమామ ఇంట్లో ఉంటే, ఆ ఇంట్లో ఎవరి మనసులో ఏమీ లేకపోయినా చుట్టాలు మేనరికం మాట ఎత్తుతారు, నీకేమో తిన్న అన్నం తాలూకు మొహమాటం గొంతుకు అడ్డం పడుతుంది. విశాఖ వెళ్ళవలసి వస్తే హాస్టల్లోనే ఉండు, మామయ్యగారి ఇంటికి ఆదివారాలు వెళ్ళిరా. పెళ్ళి మాటకు చదువుతో ముడి పెట్టవద్దని ఆయనతో చెప్పవలసినది తోబుట్టువైన మీ అమ్మ, నువ్వు కాదు. ఆవిడ ఫోన్లో తడబడేటట్టుంటే గుణుపురం పాసింజరెక్కి నౌపడ మీదుగా విశాఖ వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పి రమ్మను.

అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, తమ్ముడి ఫీజు ఎంతో ఒక కాగితం మీద రాసి చూపించమని మీ నాన్నగారిని అడుగు. పిల్లకు చెప్పడం ఎందుకని ఆయన దాస్తారు, అయినా అడుగు. నీకు పద్దెనిమిదేళ్ళు. ఆ కాగితం, మూడో ఆదివారం మార్కులు పక్కపక్కన పెట్టుకుని నలుగురూ ఒక రాత్రి, హోటలు కట్టేశాక కూర్చోండి. తమ్ముడినీ కూర్చోబెట్టండి, వాడి ఏడాది కూడా ఆ లెక్కలోనే ఉంది. ఆ రాత్రి మీరు ఏమి అనుకున్నదీ నాకు రాయి.