‘ద మైటీ బూష్’లో అంత ఏముంది? రెండు ఎపిసోడ్లు చూసినా తలాతోకా తెలియలేదు

ప్రశ్న అడిగినవారు ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారట. టీమ్‌లో నలభై ఏళ్ల దగ్గర్లో ఉన్నవాళ్లంతా ఎప్పుడు చూసినా ‘ద మైటీ బూష్’ అనే బ్రిటిష్ టీవీ కామెడీ షో డైలాగులే చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారట. సరే, ఏముందో చూద్దామని కూర్చుంటే మొదటిదాంట్లో మనిషికీ కంగారూకీ బాక్సింగ్ పోటీ, రెండోదాంట్లో జూ కింద రహస్య ల్యాబ్‌లో సగం మనిషి సగం జంతువు. “మత్తులో ఉన్నవాళ్లు తీసినట్టుంది, ఇందులో అంత ఏముంది?” అని అడిగారు.

లీడ్స్‌లో పీజీ చేసే రోజుల్లో హెడింగ్లీలో ఓ అద్దె ఇంట్లో నలుగురైదుగురం కలిసి ఉండేవాళ్లం. ఈ షో మొత్తం అక్కడే చూశాను. ఉన్నవి మూడు సీజన్లు, 20 ఎపిసోడ్లే. వాటిని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. అందుకే ఈ ప్రశ్న కనబడితే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఒక మాట. కథ అర్థం చేసుకుందామని కూర్చోవద్దు. ఇందులో కథ పేరుకే ఉంటుంది. చూడాల్సింది ఆ ఇద్దరు మనుషుల్ని. హోవర్డ్ మూన్ (జూలియన్ బారట్), విన్స్ నువార్ (నోయెల్ ఫీల్డింగ్). మొదటి సీజన్‌లో ఇద్దరూ ఒక జూలో పనిచేస్తుంటారు. హోవర్డ్‌కి మీసం, గోధుమరంగు బట్టలు, జాజ్ సంగీతమంటే ప్రాణం. తనొక మహా సాహసి అని, మేధావి అని గట్టి నమ్మకం. విన్స్‌కి తన జుట్టే లోకం. రాక్ గాయకుడు మిక్ జాగర్ అంటే ఆరాధన. జంతువులతో మాట్లాడగలడు, కానీ అదేదో గొప్ప అని కూడా అనుకోడు. హోవర్డ్ పుస్తకాలు చదివి, కష్టపడి సంపాదించుకోవాలనుకునేదల్లా విన్స్‌కి అడగకుండానే దొరికిపోతుంది. వాళ్ల గొడవకి మూలం అదే. అమీర్‌పేట హాస్టల్లో ఒకే గదిలో ఇద్దరు స్నేహితులు ఏళ్లతరబడి ఎలా పోట్లాడుకుంటారో అలాగే పోట్లాడుకుంటారు. ఎదురుగా దయ్యం నిలబడి ఉన్నా సరే, నీ కళ్లు చిన్నవంటే నీ జుట్టు పెద్దదని. నాకు ఈ షో మొదటిరోజే పట్టేసింది ఇందుకే. చుట్టూ ఉన్న లోకం పూర్తిగా అబద్ధం, ఆ మధ్యలో స్నేహం మాత్రం అచ్చంగా నిజం. అదొక్కటి పట్టుకుంటే మిగతా పిచ్చి అంతా దానంతటదే దారికొస్తుంది.

“మత్తులో తీశారు” అనే మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. బ్రిటన్‌లోనూ ఇదే మాట అనేవాళ్లు బోలెడుమంది. వీళ్లిద్దరూ 1998లో ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవంలో ఈ పేరుతోనే స్టేజి షో వేసి, కొత్తవాళ్లకిచ్చే పెరియే అవార్డు తెచ్చుకున్నారు. 1999లో ‘ఆర్కిటిక్ బూష్’, 2000లో ‘ఆటోబూష్’ స్టేజి షోలు, 2001లో బీబీసీ లండన్ రేడియోలో సిరీస్. అన్నీ అయ్యాక, 2004 మే నెలలో గానీ బీబీసీ త్రీ ఛానల్లో టీవీకి ఎక్కలేదు. అంటే టీవీలో మనకి కనిపించేది ఏళ్లతరబడి జనం ముందు ఆడి, ఎక్కడ నవ్వారో ఎక్కడ నవ్వలేదో చూసి చెక్కుకున్న సరుకు. మత్తులో ఉన్నవాడు ఒక రాత్రి ఏదో రాయగలడేమో, ఆరేళ్లు ఒకే పాత్రని దిద్దుకుంటూ కూర్చోలేడు. వింతగా కనిపించే ప్రతిదీ సోమరితనంతో పుట్టిందనుకోవడం మనకి ఎక్కడినుంచి వచ్చిన అలవాటో గానీ, చాలా అన్యాయం.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఈ షోలో చందమామ ఉంటాడు. మధ్యమధ్యలో నల్లటి ఆకాశంలో కనిపించి, సంబంధం లేని మాట ఏదో చెప్పి, పసివాడిలా నవ్వి వెళ్లిపోతాడు. అది నోయెల్ ఫీల్డింగ్ ముఖమే. ముఖం నిండా షేవింగ్ ఫోమ్ పూసుకుని ఉంటాడు, అంతే. గ్రాఫిక్స్ కంపెనీ లేదు, మాస్కు లేదు.

మా ఇంట్లో ఒకడి పుట్టినరోజుకి అందరం బూష్ పాత్రల వేషాలు వేయాలని తీర్మానించారు. ఒకడు హిచ్చర్ వేషం వేశాడు. హిచ్చర్ అంటే పచ్చరంగు ముఖం, పొడుగు టోపీ, పెద్ద బొటనవేలు ఉన్న లండన్ ముసలి దుర్మార్గుడు. ఒక కంటి మీద పోలో మింట్ ఉంటుంది. షోలోనూ అది అచ్చంగా పోలో బిళ్లే. మావాడు వాజలీన్ రాసి అతికించుకున్నాడు, అది గంటకోసారి సోఫా సందుల్లో పడిపోయేది, ప్యాకెట్లోంచి ఇంకోటి తీసి పెట్టుకునేవాడు. నాకు చందమామ పడింది. పార్సిల్ వచ్చిన అట్టపెట్టె ఒకటి తీసుకుని గుండ్రంగా కోశారు, వెనక నల్ల దుప్పటి కట్టారు, ఎదురుగా టేబుల్ ల్యాంప్ పెట్టారు. ఆ కంతలో ముఖం పెట్టి కూర్చున్నాను. ఒకమ్మాయి కళ్లూ నోరూ వదిలేసి మిగతా ముఖమంతా ఫోమ్ పట్టించింది.

ఫోమ్ మొదట గట్టిగా నిలుస్తుంది. ల్యాంప్ వేడికి కాసేపట్లో కరగడం మొదలవుతుంది. చెవుల దగ్గర బుడగలు పగిలే చిటపట వినిపిస్తుంది, మెంథాల్ ఘాటుకి కళ్లు మండుతాయి. వెలుతురు ముఖాన కొడుతుంటే గదిలో ఎవరూ కనిపించరు. ఇంగ్లిష్‌లో ఏం మాట్లాడాలో అని వెతుక్కోకుండా తెలుగులోనే అందుకున్నాను: “అమ్మలందరూ నన్ను చూపించి పిల్లలకి అన్నం తినిపిస్తారు.” ఆగాను. “నాకు మాత్రం ఎవ్వరూ ఒక్క ముద్ద పెట్టరు.” మళ్లీ ఆగాను. ఆ ఆగిన చోట గది గదంతా విరగబడి నవ్వింది. అక్కడ తెలుగు వచ్చినవాళ్లు నేను తప్ప ఒక్కరూ లేరు. అరిస్తే నవ్వలేదు, తొందరపడితే నవ్వలేదు. కళ్లు మెల్లగా పక్కకి తిప్పి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు ఆగితే మాత్రం ప్రతిసారీ నవ్వారు. ఫోమ్ గడ్డం మీదుగా జారి చొక్కాలోకి దిగేదాకా అలాగే కూర్చున్నాను.

ఆ రాత్రే నాకు ఈ షో పనితనం చేతికి తగిలినట్టు తెలిసింది. చందమామ హాస్యం మాటల్లో లేదు. నురగ కింద కదులుతున్న మనిషి ముఖంలో ఉంది. చూసేవాడికి అది షేవింగ్ ఫోమ్ అని తెలుసు, చేసేవాడికీ తెలుసు, అయినా ఇద్దరూ చందమామ అని ఒప్పుకుంటారు. ఆ ఒప్పందంలోనే సంతోషమంతా ఉంది. అదే చందమామని కంప్యూటర్లో నున్నగా చేసి పెట్టండి, ఒక్కరూ నవ్వరు. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను తగ్గను.

‘టండ్రా’ ఎపిసోడ్ చూడండి. ఆర్కిటిక్‌లో ఏదో మహిమగల గుడ్డు కోసం వెళ్తారు. ఆ మంచు స్టూడియో మంచని ఏ మాత్రం దాచరు. పాత్రల ముఖాలకి రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. నోయెల్ ఫీల్డింగ్ ఆర్ట్ కాలేజీలో చదివినవాడు, బొమ్మలు వేస్తాడు. ఆ చెయ్యి షో అంతటా కనిపిస్తుంది. ఇప్పుడు మన దగ్గర చిన్న వెబ్ సిరీస్ తీసేవాళ్లు కూడా బడ్జెట్ లేదు, గ్రాఫిక్స్ కుదరలేదు అని వాపోతుంటారు. అట్ట, రంగు, గుడ్డ, మంచి నటుడు ఉంటే ఆకాశం దించవచ్చు. సురభి నాటకాలు చూసి పెరిగినవాళ్లకి నేను ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం, వెనకనుంచి నవ్వులు వినిపించవు. ఎక్కడ నవ్వాలో ఎవరూ చెప్పరు. మన టీవీ స్కిట్లలో మాట పూర్తవకముందే టంగుమని ఒక శబ్దం, వెంటనే జడ్జీల మీదికి కెమెరా. దానికి అలవాటుపడిన చెవికి బూష్ మొదట చప్పగా అనిపించడం సహజం. ఇక్కడ జూ మేనేజర్ బాబ్ ఫాసిల్‌కి ఒక్క జంతువు పేరూ తెలియదు, ఏనుగుని చూపించి ఏవేవో వర్ణనలు చెప్తాడు. ఎవ్వరూ “నీకు పేరు తెలియదా?” అని ఆశ్చర్యపోరు. ఆ లోకంలో అదంతే. మీరు ఎపిసోడ్ చూసేటప్పుడు గమనించండి, ఎంత వింత జరిగినా ఆ లోకంలో మనుషులు పెద్దగా ఉలిక్కిపడరు, తమ చిన్నచిన్న ఉక్రోషాలు మాత్రం వదలరు.

సంగీతం గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడరు, అదీ నా బాధే. జూలియన్ బారట్ సంగీతకారుడు కూడా, లీడ్స్‌వాడే. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లో ఒక పాట ఉంటుంది. ఒకటి ఫంక్, ఒకటి ఎలక్ట్రో, ఒకటి జానపదం. వెక్కిరింపు పాటల్లా ఉండవు, మామూలుగా వినడానికే బాగుంటాయి. ‘క్రింప్’ అని ఇంకోటి చేస్తారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, వాద్యాలేవీ లేకుండా, అర్థంపర్థం లేని మాటల్ని తాళం తప్పకుండా ఒకే గొంతుతో అల్లుకుపోతారు. సూప్‌ల మీద ఒక క్రింప్ ఉంది, వెతికి చూడండి. పొద్దస్తమానం పోట్లాడుకునే ఇద్దరూ క్రింప్‌లో మాత్రం ఒక్క అక్షరం కూడా ఎడం లేకుండా కలిసిపోతారు. వాళ్ల స్నేహం ఏమిటో చెప్పడానికి ఇంతకుమించిన డైలాగ్ ఏం రాస్తారు?

షోలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. స్పిరిట్ ఆఫ్ జాజ్ అనే దయ్యం పాత్ర కోసం నోయెల్ ముఖానికి నల్లరంగు వేశారు. తెల్లవాళ్లు అలా నల్లవాళ్ల వేషం వేయడం వాళ్లని కించపరచడమే. 2020లో నెట్‌ఫ్లిక్స్ ఈ షోని తీసేసింది అందుకే. ఆ రంగు అక్కర్లేదు. పచ్చముఖాలు, చేపమనుషులు సృష్టించగలిగినవాళ్లకి జాజ్ దయ్యానికి ఇంకో రూపం దొరకదా? అయితే ఆ ఒక్క వేషం కోసం మొత్తం షోని మాయం చేయడం కూడా నాకు నచ్చలేదు. అలా చేస్తే కొత్తవాళ్లకి మిగిలేవి ముక్కలుముక్కలుగా తిరిగే క్లిప్పులే. క్లిప్పుల్లో ఆ ఇద్దరి గొడవ ఉండదు, వేషాలే ఉంటాయి. షో మీద ఉన్న చెడ్డపేరులో సగం ఈ క్లిప్పుల పుణ్యమే.

మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి ‘ద ఐటీ క్రౌడ్’ అనే కామెడీ సిరీస్ చూసే ఉంటారు. అందులో సర్వర్ రూమ్‌లో ఉండే రిచ్మండ్ ఎవరనుకున్నారు? విన్స్‌గా వేసిన నోయెల్ ఫీల్డింగే. బాస్ డగ్లస్‌గా చేసిన మ్యాట్ బెర్రీ ఇక్కడ జూ యజమాని. మోస్‌గా చేసిన రిచర్డ్ ఆయోఆడే ఇక్కడ సాబూ అనే మంత్రగాడు. నోయెల్ 2017 నుంచి ‘బేక్ ఆఫ్’ అనే టీవీ బేకింగ్ పోటీకి యాంకర్‌గా ఇంటింటికీ తెలిసిపోయాడు. ఇక మూడు సీజన్లూ డైరెక్ట్ చేసిన పాల్ కింగ్ తర్వాత ‘ప్యాడింగ్టన్’ సినిమాలు రెండు, 2023లో ‘వోంకా’ తీశాడు. ‘ప్యాడింగ్టన్ 2’లో ఎలుగుబంటి, తెరిస్తే కాగితపు బొమ్మలు లేచి నిలబడే పుస్తకం లోపలికి వెళ్లి లండన్ అంతా తిరిగే సీన్ ఉంది కదా, పిల్లలతో పాటు మీరూ చూసే ఉంటారు. ఆ కాగితపు లండన్‌కి వేర్లు బూష్ అట్టముక్కల్లోనే ఉన్నాయని నా గట్టి నమ్మకం.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? వరస ప్రకారం మాత్రం వద్దు. మీరు చూసిన ఆ రెండూ షో ఇంకా కాళ్లు నిలదొక్కుకుంటున్నప్పటివి. మొదటి సీజన్‌లోంచి ‘టండ్రా’ చూడండి. తర్వాత సరాసరి 2005లో వచ్చిన రెండో సీజన్‌కి వెళ్లి ‘ద లెజెండ్ ఆఫ్ ఓల్డ్ గ్రెగ్’. మీ ఆఫీసువాళ్లు చెప్పుకునే డైలాగుల్లో సగం అందులోవే. చెరువు అడుగున ఉండే చేపమనిషి హోవర్డ్‌ని పట్టుకుపోయి, తను వేసిన వాటర్‌కలర్ బొమ్మలు చూపించి, బెయిలీస్ అనే మద్యం పోసి, నన్ను ప్రేమిస్తావా అని అడుగుతాడు. భయపెట్టేవాడే అంత ఒంటరివాడైతే నవ్వాలో జాలిపడాలో తెలియని స్థితి అది. అది నచ్చితే మూడో సీజన్‌లో ‘క్రాక్ ఫాక్స్’ చూడండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు నిద్రపోయాక పెట్టుకోండి, ఆ నక్క చేతివేళ్లు సిరంజిలు.

ఇంకొక్క సలహా. ఆఫీసులో కలవడానికి డైలాగులు బట్టీ పట్టక్కర్లేదు. మీరు హోవర్డ్ వైపా, విన్స్ వైపా అని అడిగి చూడండి, మధ్యాహ్నమంతా వాళ్లే మాట్లాడతారు. నేనైతే హోవర్డ్ వైపు. అంత చదివి, అంత కష్టపడి, ఒక్కసారైనా నెగ్గనివ్వరు పాపం అతన్ని.